చెరువు గట్టు నుంచి గోదావరి గట్టుకి: నా అనుభవం

అద్దె ఒప్పందం మీద నిన్న మధ్యాహ్నం సంతకం పెట్టాను. రాజమండ్రిలో, గోదావరి గట్టుకి ఆరు నిమిషాల నడక దూరంలో రెండు గదుల పోర్షన్. ఇక్కడిదాకా రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందులో తొమ్మిది నెలలు ఒకే ఒక్క ప్లాటు మింగేసింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను హైదరాబాదులో ప్రభుత్వ హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు డ్రాయింగ్ టీచరుగా చేశాను. రిటైరయ్యాక మాకు కావలసినవి పెద్దగా ఏమీ లేవు. డిసెంబరు, జనవరి చలికి మా ఆయనకి ఆయాసం వస్తుంది, కాబట్టి కాస్త వెచ్చగా ఉండే ఊరు. పొద్దున్నే కూర్చుని బొమ్మ వేసుకోవడానికి నీళ్ళ ఒడ్డు. వారానికోసారైనా ఒక కచేరీయో, బొమ్మల ప్రదర్శనో. నల్లకుంటలో ఉన్నన్నాళ్ళూ చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి నడిచే వెళ్ళేవాళ్ళం, ఆ అలవాటు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఇదంతా పెన్షన్ డబ్బుల్లో సరిపోవాలి.

ఊళ్ళు చూడటం హాయిగానే గడిచింది. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, సముద్రం గీసుకుంటూ రెండు స్కెచ్‌బుక్కులు నింపాను, ధరలు విని వచ్చేశాం. ఏటికొప్పాకలో వరాహ నది, లక్కబొమ్మలు చేసేవాళ్ళ అరుగులు. అక్కణ్ణుంచి లేవబుద్ధి కాలేదు, కానీ అర్ధరాత్రి ఆయాసం వస్తే పెద్దాసుపత్రి దూరం. అప్పుడు మా మరిది, “ఊరు వదిలిపోవడం ఎందుకు వదినా, ఇక్కడే చెరువు పక్కన ప్లాటు చూద్దాం” అన్నాడు.

ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక చెరువు, దాని పక్కన లేఅవుట్. 150 గజాలు, గజం 18 వేలు. మే నెల, నేల ఎండి గట్టిగా ఉంది, ఎదురుగా కొంగలు వాలిన నీళ్ళు. ముప్పై ఏళ్ళ ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల పత్రం, చూపించారు, శుభ్రంగా ఉంది. “ఈరోజు కాకపోతే రేపు వేరేవాళ్ళకి పోతుంది” అన్నారు. 2 లక్షలు టోకెన్ ఇచ్చేశాం.

వారం తర్వాత ఒక్కదాన్నే వెళ్ళి ప్లాటు మూలన ఉన్న తుమ్మచెట్టు దగ్గర కూర్చుని బొమ్మ మొదలుపెట్టాను. కాండానికి రంగు కలుపుతుంటే తేడా తెలిసింది. కింద భాగం బూడిద రంగు, పైన నలుపు. సరిగ్గా నా నడుము ఎత్తున, స్కేలు పెట్టి గీసినట్టు బురద గీత. పక్కన ముళ్ళకంచె వైపు చూశాను. అదే ఎత్తున తీగలకి ఎండిపోయిన గుర్రపుడెక్క వేళ్ళు కుచ్చుల్లా వేలాడుతున్నాయి. గుర్రపుడెక్క నీళ్ళ మీద తేలుతూ వస్తేనే అక్కడ చిక్కుకుంటుంది. గొర్రెలు కాస్తున్న పెద్దాయన్ని అడిగాను. “పోయినేడు వానలకు గీడిదాంక నీళ్ళే అమ్మా, తెప్పలేసుకొని చేపలు పట్టిండ్రు” అన్నాడు.

మర్నాడు ఆ ప్లాట్లు అమ్ముతున్న కంపెనీ ఆఫీసుకి వెళ్ళి అడిగాను. మా అమ్మాయి కన్నా చిన్నవాడు, కుర్చీలోంచి లేవకుండానే, “మ్యాపులు మీకు అర్థం కావు ఆంటీ, అంకుల్‌ని పంపించండి” అన్నాడు. ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్ళు ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఒకాయన నవ్వాడు. వేల మంది పిల్లలకి స్కేలు డ్రాయింగు నేర్పినదాన్ని, నా చెవులు వేడెక్కిపోయాయి. నోట మాట రాలేదు.

ఆ రాత్రే పని మొదలుపెట్టాను. హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటులో ఒక్కో చెరువుకీ మ్యాపు ఉంటుంది, సర్వే నంబర్లతో సహా. మా చెరువుది ప్రింటు తీయించాను. జిరాక్సు షాపులో దాన్ని, లేఅవుట్ ప్లానునీ ఒకే స్కేలుకి తెచ్చాను. లేఅవుట్‌ని ట్రేసింగ్ పేపరు మీదకి దించి, రెండు సర్వే నంబర్ల మూలలూ రోడ్డు మలుపూ కలిసేలా చెరువు మ్యాపు మీద పరిచాను. నా ప్లాటులో ముప్పాతిక భాగం ఎఫ్‌టీఎల్ గీత లోపలే పడింది. మిగిలిన పాతిక బఫర్‌లో. ఒక్క అడుగు కూడా ఇల్లు కట్టుకోవడానికి మిగల్లేదు.

చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అదే ఎఫ్‌టీఎల్. దాని లోపల పట్టా భూములు కూడా ఉంటాయి, శిఖం పట్టాలంటారు. నీళ్ళు తగ్గాక పంట వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు. 2012 నాటి 168 జీవో ప్రకారం చెరువు 10 హెక్టార్లు, ఆ పైన ఉంటే ఆ గీత నుంచి ఇంకో 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. ఈసీలో ఇవేవీ కనబడవు. అందులో ఉండేది అమ్మకాలు, తాకట్లు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కట్టుకోవచ్చని కాదు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల్లో ఇళ్ళు కూల్చడం టీవీలో చూస్తూ కూడా అది మనదాకా వస్తుందనుకోలేదు.

కంపెనీవాళ్ళు “రాతపూర్వకంగా తెస్తే చూద్దాం” అన్నారు. దాంతో ఒక ప్రభుత్వ కార్యాలయం చుట్టూ తిరిగాను. వాళ్ళు ఇంకో కార్యాలయానికి పొమ్మన్నారు, అక్కడివాళ్ళు మళ్ళీ మొదటి చోటికే పంపారు. నాలుగోసారి గుమాస్తా నా ట్రేసింగ్ పేపరు విప్పి చూసి, బల్ల మీదకి తోసేసి, “ఈ బొమ్మలు ఇక్కడ చెల్లవమ్మా. ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?” అని గట్టిగా అడిగాడు. వెనక క్యూలో ఇరవై మంది. కాగితం చివర చిరిగింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని దాన్ని చుట్టుకుంటుంటే చేతులు వణికాయి. మా ఆయన అంతసేపూ ఆటోలోనే ఉన్నారు, మెట్లెక్కితే ఆయాసమని. ఆయనకి చెప్పలేదు.

1908లో మూసీ ముంచెత్తాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్న ఊరు ఇది. నీళ్ళకి చోటు వదలాలని వందేళ్ళ కిందటే నేర్చుకున్న ఊళ్ళో, చెరువు కడుపులో ప్లాట్లు గీసి రిటైరైనవాళ్ళకి అమ్మడం పాపం. ఆ మాట ఎవరి ముందైనా అంటాను. వయసైన ఆడమనిషి ప్రశ్న అడిగితే మొగుణ్ణి పిలవమనడం కూడా అంతే పాపం.

దారి చూపించింది నా పాత స్టూడెంట్. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టమన్నాడు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ఫలానా సర్వే నంబరు ఎఫ్‌టీఎల్‌లో ఉందా లేదా, మ్యాపు కాపీ ఇవ్వండి అని రెండే ప్రశ్నలు రాశాను. ఇరవై ఏడో రోజున జవాబొచ్చింది, ఇంజనీరు సంతకంతో. ఆయన గీసిన గీతకీ నా గీతకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆ ఉత్తరం జిరాక్సూ, లాయరు నోటీసూ కలిపి పంపితే, నాలుగు నెలలు తిప్పి, 50 వేలు కోసుకుని లక్షన్నర వెనక్కిచ్చారు. టోకెన్ రసీదు మీద “నీటి హద్దుల్లో ఉంటే మొత్తం వాపసు” అని రాయించుకోకుండా ఎవరూ రూపాయి ఇవ్వకండి. వానాకాలం పోయాక ఒకసారి, ఎండాకాలం ఒకసారి వెళ్ళి చూడండి. చెట్ల కాండాలు చూడండి.

రాజమండ్రి తేలిగ్గా కుదిరింది. దామెర్ల రామారావు ఊరు అది. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆ చిత్రకారుడి పేరు మీద అక్కడ గ్యాలరీ ఉంది. అందులో రెండు గంటలు నిలబడ్డాక నాకింక వేరే ఊరు చూడాలనిపించలేదు. చలి తక్కువ. ఎండాకాలం ఉక్కపోత మాత్రం భరించాల్సిందే. ఈసారి కొనలేదు, అద్దెకే. నెలకి 11 వేలు, నల్లకుంటలో కట్టేదానిలో సగం. వచ్చే పుష్కరాలు 2027లో కాబట్టి అప్పటిదాకా అద్దె పెంచకూడదని ఒప్పందంలో రాయించాను.

ఇంటావిడని మొదట అడిగింది వరద గురించే. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోది కూడా దాటింది కదండీ, మీ వీధి సంగతేంటి అన్నాను. ఆవిడ విసుక్కోలేదు. నన్ను వెంటబెట్టుకుని గట్టుదాకా నడిచి, అప్పుడు నీళ్ళు ఏ మెట్టుదాకా వచ్చాయో చూపించింది. ఇల్లు ఆ మెట్టు కన్నా చాలా ఎత్తులో ఉంది. ఆ మెట్టు మీదే కూర్చుని పాత హేవ్‌లాక్ వంతెన గీశాను. మా ఆయన పక్కనే కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తూ, ఆ గుమాస్తా ఏమన్నాడని అప్పుడడిగారు. చెప్పాను.