ఆ బండి మీదేనా?

పదకొండు దాటింది. తమ్ముడు తప్ప అందరూ పడుకున్నారు. నాకు నిద్ర రావడం లేదు. పొద్దున నాగార్జునసాగర్ రైట్ బ్యాంక్ క్వార్టర్ల దగ్గర వరండాలో బియ్యం ఏరుతున్న ఒకావిడతో, "చిన్నప్పుడు ఈ పక్క ఇంట్లోనే ఉండేవాళ్లం" అన్నాను. ఆవిడ నా భుజం మీదుగా వీధి చివరికి చూసి, "ఆ బండి మీదేనా?" అంది. అంతే. మళ్లీ బియ్యంలో పడింది.

తమ్ముడి పథకాలు మీకు తెలియనివా! అమెరికాలో వంటగదీ అన్నీ ఉండే కారవాన్ బండిలో అడవులు తిరిగాడు కదా, ఇక్కడా ఒకటి అద్దెకు తెచ్చి గుంటూరు నుంచి అందరినీ బయలుదేరదీశాడు. మనవైపు కారవాన్ అంటే హీరోలు మేకప్ వేసుకునేదే. సత్తెనపల్లిలో టీకి ఆగితే జనం మూగారు. పిడుగురాళ్లలో ఒక కుర్రాడు అద్దానికి ముక్కు ఆనించి, లోపల మా అమ్మ కనిపించేసరికి ఉసూరుమంటూ వెళ్లిపోయాడు. మాచర్ల వచ్చేసరికి "షూటింగు కాదండీ" అని చెప్పడం మా ఆయన ఉద్యోగమైంది. అమ్మేమో "పొయ్యికి రెండడుగుల్లో మరుగుదొడ్డి ఏమిటిరా" అని లోపల పాలు కూడా కాయనివ్వలేదు. అంత అద్దె పోసి తెచ్చిన వంటగదిలో ఇంటి పులిహోర తిన్నాం. చింతకొమ్మలు తగులుతాయని మా వీధిలోకి బండి రానేలేదు.

నాన్న వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న రోజుల్లో, ఆగస్టు వచ్చిందంటే ఇంట్లో మాటలు తగ్గి అంకెలు పెరిగేవి. చెప్పులు విడుస్తూనే "581" అనేవారు. "శ్రీశైలం ఎంత వదులుతోంది?" అని అమ్మ వడ్డిస్తూ అడిగేది. 590 అడుగులు నిండు మట్టం. అది దగ్గరపడేకొద్దీ మాకు పుస్తకాల మీద ధ్యాస ఉండేది కాదు. గేట్లు ఎత్తారని తెలియగానే సైకిలు ముందు కడ్డీ మీద తమ్ముడు, వెనక నేను. దూకిన నీళ్లు తుంపరై పైకి లేచి మమ్మల్ని తడిపేవి. మొత్తం 26 గేట్లు. ఏది ఎంత ఎత్తారో, ఎందుకు ఎత్తారో నాన్న వివరించేవారు. పెదవులు కదలడం కనిపించేదే కానీ ఆ హోరులో ఒక్క ముక్కా వినపడేది కాదు. తలలు తడిసి ఇంటికొస్తే తిట్లు ఆయనకే. గుంటూరు నుంచి, విజయవాడ నుంచి బస్సుల నిండా జనం దిగేవారు. మా గేట్లు చూడటానికి వీళ్లెవరని నాకు ఒళ్లుమంట. తమ్ముడైతే కిటికీలు పట్టుకుని వేలాడి, లోపల ఎవరేం తింటున్నారో చూసొచ్చి చెప్పేవాడు.

ఇది రాస్తుంటే పిడుగురాళ్ల కుర్రాడి మీద కోపం తగ్గింది.

అయినా నన్ను ఎవరు గుర్తుపట్టాలి? 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి ఆ కాలనీయే లేదు. అందరూ ఆనకట్ట కోసం వచ్చి, బదిలీ కాగితం రాగానే ట్రంకుపెట్టెలు సర్దుకున్నవాళ్లే. మేమూ అంతే, నా తొమ్మిదో తరగతి మధ్యలో. కాలనీకున్న విజయపురి అన్న పేరైనా సొంతం కాదు, నీటి కింద మునిగిన ఇక్ష్వాకుల రాజధానిది. ఆవిడను తప్పుపట్టడానికేముంది?

ఉంది. "ఏ ఇల్లు? నాన్నగారేం చేసేవారు?" అని ఒక్క మాట అడిగితే బియ్యం పాడవుతాయా? ఇంకెక్కడైనా అయితే గోత్రం దాకా లాగుతారు!

సాయంత్రం అనుపు దగ్గర మడతకుర్చీలో కూర్చుని అమ్మ జలాశయం వైపు కాసేపు చూసి, "560 కూడా లేదురా" అంది. అది మాత్రం బాగుంది.

రేపు బండి అప్పగించాలి. కింద ఉన్న మురుగుతొట్టి మేమే ఖాళీ చేసి ఇవ్వాలని షరతట. అమెరికాలో దానికి ప్రత్యేకంగా చోట్లు ఉంటాయని, ఇక్కడ ఎక్కడున్నాయోనని తమ్ముడు హాల్లో ఇంకా ఫోను గీకుతున్నాడు. ఎవరైనా అడిగితే నేను ఎప్పుడో నిద్రపోయానని చెప్పండి.