రాత చెరిగిన రెండు ట్యూబులు

మంగళవారం, రాత్రి పదిన్నర

పొద్దున్నే ల్యాబ్‌లో టెన్షన్. ఫ్రీజర్‌లోంచి చేపల శాంపిళ్ల పెట్టె తీసేసరికి రెండు ట్యూబుల మీద రాత చెరిగిపోయి ఉంది. మూత సరిగ్గా బిగించలేదేమో, ఆల్కహాల్ కారి మార్కర్ సిరా కరిగిపోయింది. లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. ఒకదాని మీద నీలం మరకలో 7 లాంటి గీత కనిపించింది. అది 1 కూడా కావచ్చు. రెండో దాని మీద అదీ లేదు.

కిందటి వేసవిలో ఆ శాంపిళ్లు తీసింది నేనే. చీటీ మీద పెన్సిల్‌తో రాసి ట్యూబు లోపలే వేసి ఉండాల్సింది. పెన్సిల్ రాత ఆల్కహాల్‌లో చెరగదు, మ్యూజియంల వాళ్లు ఎప్పటినుంచో అలాగే చేస్తున్నారు. ఆ రోజు వాన వస్తోందని తొందరలో పైన మార్కర్‌తో రాసి ఊరుకున్నాను.

"డీఎన్ఏ చేస్తే తెలిసిపోతుంది కదా అక్కా" అంది కొత్తగా చేరిన వరంగల్ అమ్మాయి.

ఏ చేపో తెలుస్తుంది. ఏ వాగులో, ఏ తేదీన పట్టామో అది చెప్పదు. నాకు కావాల్సింది ఆ వాగు పేరూ, తేదీనే.

మధ్యాహ్నం అన్నం తింటూ తనకి ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ విందు సంగతి చెప్పాను. ఈ పనిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పాలనిపించే కథ అది. న్యూయార్క్‌లో 1904లో పెట్టారు ఆ క్లబ్‌ని. ధ్రువాలకి వెళ్లినవాళ్లు, సముద్రం అడుగుకి దిగినవాళ్లు, అడవుల్లో నెలల తరబడి ఉండి జంతువుల్ని చదివినవాళ్లు అందులో సభ్యులు. మొన్న శీతాకాలం న్యూయార్క్ వెళ్లినప్పుడు తూర్పు డెబ్బయ్యో వీధిలో వాళ్ల భవనం ముందు కాసేపు నిలబడి చూసి వచ్చాను. ఏటా జరిగే విందులో తేళ్లు, సాలీళ్లు, మిడతలు వడ్డిస్తారని వాళ్లకి పేరు. మామూలుగా ఎవరూ తినని వాటిని పళ్లెంలో పెట్టడం అక్కడ ఆనవాయితీ.

1951 జనవరి 13న రూజ్‌వెల్ట్ హోటల్లో జరిగిన విందులో ఏకంగా చరిత్రకు ముందు కాలపు జంతువు మాంసం వడ్డించామన్నారు. అలాస్కా దగ్గరి అలూషియన్ దీవుల్లో అకుటన్ అనే చోట మంచులో దొరికిందని చెప్పారు. ఒక పత్రిక మముత్ (ఎప్పుడో అంతరించిన బొచ్చు ఏనుగు) అని రాసింది, ఆ మాటే ఊరంతా పాకి దశాబ్దాల పాటు నిలిచిపోయింది. విందు ఏర్పాట్లు చూసిన వెండెల్ ఫిలిప్స్ డాడ్జ్ మాత్రం అది మెగాథీరియం అని చెప్పాడు. అంటే ఏనుగంత ఉండే నేల స్లాత్, ఇప్పుడు చెట్లకి వేలాడుతూ మెల్లగా కదిలే స్లాత్‌కి అంతరించిన చుట్టం. ఆ జంతువు దక్షిణ అమెరికాది. నిజంగా అలాస్కా వైపు దొరికి ఉంటే శాస్త్రానికి పెద్ద వార్తే.

ఆ రాత్రి విందుకి రాలేకపోయిన సభ్యుడు ఒకాయన ఉన్నాడు. పాల్ గ్రిస్వోల్డ్ హోవ్స్, కనెటికట్‌లోని గ్రీనిచ్‌లో బ్రూస్ మ్యూజియం చూసేవాడు. మ్యూజియంలో పెట్టుకోవడానికి ఆయనకి ఒక ముక్క పంపించారు. పిడికెడంత ముక్క, సీసాలో. అది ఏ జంతువుదో, ఎక్కడిదో, ఏ విందులోదో దాంతో పాటు రాసి ఉంది. విందుకి వెళ్లినవాళ్లంతా తమ వంతు తినేశారు. ఆయన వంతు మిగిలింది.

ఆ సీసా తర్వాత యేల్ యూనివర్సిటీ పీబాడీ మ్యూజియంకి చేరింది. జెస్సికా గ్లాస్, మాట్ డేవిస్ అనే ఇద్దరు రీసెర్చ్ విద్యార్థులు, ఇంకొందరితో కలిసి అందులోంచి డీఎన్ఏ తీసి 2016లో ఫలితం అచ్చువేశారు. వండిన మాంసం, పైగా అరవై ఏళ్ల పైబడినది. అది మముత్ కాదు, స్లాత్ కాదు, పచ్చ సముద్రపు తాబేలు. ఆ రాత్రి మెనూలో తాబేలు సూప్ ఎలాగూ ఉంది. డాడ్జే తర్వాత తాబేలుని స్లాత్‌గా మార్చే మందు తన దగ్గర ఉందన్నట్టు తమాషాగా రాశాడు కూడా. ఎవరూ పట్టించుకోలేదు.

వాళ్లు చదివింది సైటోక్రోమ్ బి అనే జన్యువు ముక్క. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్, సునీల్ కుమార్ వర్మ కలిసి దాదాపు ఏ జంతువు మాంసాన్నైనా గుర్తుపట్టే పద్ధతిని 2003లో బయటపెట్టింది కూడా ఆ జన్యువు మీదే. వేటగాళ్ల దగ్గర పట్టుకున్న కూర ముక్క జింకదో మేకదో కోర్టులో తేలాలంటే అది ఆధారం. నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మొదట నేర్చుకున్న పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకి లక్షల నకళ్లు తీసే పద్ధతి) అదే. అందుకే ఈ కథ చదివినప్పుడు ఎరిగిన మనిషి కనిపించినట్టయింది.

"అయితే సీసా మీద రాసిందంతా అబద్ధమే కదా, ఉండి ఏం లాభం?" అంది ఆ అమ్మాయి.

తప్పు జంతువు పేరూ, దొరికిన చోటూ మాత్రమే. ఎవరు ఇచ్చారు, ఎప్పటి విందు, ఎక్కడిదని చెప్పారు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ దారిలోనే వెళ్లి పాత ఉత్తరాలు, పేపర్లు వెతికారు. ఏమీ రాయకుండా ఉంటే ఒక సీసాలో తాబేలు మాంసం ఉందని తెలిసేది, అంతే. తప్పు రాత ఉన్న సీసా, రాతే లేని సీసా పక్కపక్కన పెడితే నేను మొదటిదే తీసుకుంటాను. ఇది తనకి చెబుతుంటే గొంతు కొంచెం పెరిగింది, పక్క టేబుల్ వాళ్లు చూశారు. నా ట్యూబులు మనసులో ఉన్నాయి మరి.

1951లో ఆ బల్లల దగ్గర సభ్యురాలిగా ఒక్క ఆడమనిషి కూడా కూర్చోలేదన్నది ఇంటికి డ్రైవ్ చేస్తుంటే గుర్తొచ్చింది. 1981 దాకా వాళ్లు ఆడవాళ్లని చేర్చుకోలేదు. సముద్రం అడుగున రోజుల తరబడి ఉండి చదువుకున్న సిల్వియా ఎర్ల్‌కీ అప్పుడే తలుపు తెరిచారు. ఈ మాట ఆ అమ్మాయికి రేపు చెప్పాలి.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. అక్కడ పొద్దున్న, కాఫీ తాగుతోంది. విందు సంగతి చెబితే "తాబేలా?" అని కాసేపు ఆగింది. శ్రీకాకుళంలో పుట్టి పెరిగిన మనిషి. శ్రీకూర్మం గుళ్లో నక్షత్ర తాబేళ్లకి ఆకుకూర తినిపించకుండా ఎప్పుడూ వెనక్కి రాదు. "ఆ ముక్క దాచిన ఆయన మంచోడే బుజ్జీ. తినీసుంటే తాబేలని ఎవులికి తెలిసేది?" అంది.

మాట్లాడుతూనే ఆవకాయ సీసా తీశాను. అమ్మ అంటించిన కాయితం నూనెకి పారదర్శకంగా అయింది. బాల్‌పెన్ రాత ఇంకా చదవగలను. "2024 మే. ఉప్పు తక్కువ. కాయ మనది కాదు, కొన్నది." కాయ సంగతి కూడా రాసిందేమిటని అడిగాను.

"మన చెట్టుదనుకుని నువ్వు మళ్లీ అదే రుచి అడుగుతావు కదా" అంది.

రేపటికి రెండు చీటీలు కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను, పెన్సిల్‌తో రాసి. "పైరాత చెరిగింది. 7 లేదా 1. కిందటి వేసవి, వాన రోజు. తీసింది నేను." రెండో దాని మీద అంకె బదులు "తెలియదు" అని రాశాను.