రెండు బ్యాడ్జీల ఉద్యోగం

మంగళవారం, రాత్రి.

ఈ రోజు సగం యూరిన్ కప్పుల మీద లేబుళ్లు అంటించడంతోనే పోయింది. రీసెర్చ్ నర్స్ అనగానే మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉంటాననుకుంటారు మావాళ్లు. నా టేబుల్ ఉన్నది అమెరికాలోని ఓక్లహోమాలో, ఒక నేటివ్ అమెరికన్ తెగ సొంతంగా నడుపుకునే క్లినిక్‌లో, వెనక గదిలో, ఫ్రిజ్ పక్కన. మెడలో రెండు బ్యాడ్జీలు: ఒకటి క్లినిక్‌ది, ఒకటి యూనివర్సిటీది.

తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం మా స్టడీ. వారానికి రెండుసార్లు వచ్చి యూరిన్ ఇస్తారు. అందులో ఈటీజీ ఉందా లేదా చూస్తాం. ఆల్కహాల్‌ను శరీరం అరగించుకున్నాక మిగిలే పదార్థం అది. నోట్లో వాసన పోయినా రెండు మూడు రోజులు దొరుకుతుంది. ఈటీజీ లేదని తేలితే చీటీ తీసుకోవచ్చు, చీటీలో ఉన్న బహుమతి వాళ్లదే. పద్ధతి కొత్తదేం కాదు. మూడు నేటివ్ కమ్యూనిటీలతో కలిసి చేసిన ట్రయల్ ఒకటి 2021లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. తాగకుండా ఉన్నందుకు బహుమతులు అందుకున్నవాళ్లలో ఆల్కహాల్ ఆనవాలు లేని యూరిన్ టెస్టులు ఎక్కువని అందులో తేలింది. మాకు యూనివర్సిటీ నుంచి మొదట వచ్చిన బహుమతుల లిస్టులో కాఫీ మేకర్లు ఉండేవి. ఇక్కడి కమిటీలో పెద్దవాళ్లు నవ్వి ఊరుకోకుండా లిస్టంతా తిరగరాశారు. ఇప్పుడు షెల్ఫులో పూసల పని సామాను, చేపలు పట్టే గాలాలు, పిల్లల చలికోట్లు ఉన్నాయి.

పొద్దున మొదట వచ్చింది స్కూల్లో పనిచేసే ఆంటీ. ఇక్కడ పెద్దావిడలను అందరూ ఆంటీ అనే అంటారు, నేనూ అంతే. కప్పు ఇచ్చి, "ఇది ఎక్కడికి పోతుంది? మా జీన్లు చూస్తారా?" అని అడిగింది. పోయినవారమూ అడిగింది. విసుగు రాదు నాకు. అరిజోనాలో హవాసుపై తెగవాళ్లు 1990ల మొదట్లో షుగర్ జబ్బు పరిశోధన అనుకుని రక్తం ఇచ్చారు. ఆ రక్తంతోనే స్కిజోఫ్రీనియా మీద, వాళ్ల పూర్వీకుల వలసల మీద కూడా పరిశోధనలు చేశారు. ఎవరినీ అడగలేదు. అది కోర్టుకెక్కి, 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఏడు లక్షల డాలర్లిచ్చి, మిగిలిన రక్తం వెనక్కిచ్చింది. ఆ కథ తెలియని ఇల్లు ఈ చుట్టుపక్కల ఉంటుందనుకోను. అందుకే ఆంటీ ముందే టెస్టు చేస్తాను, ఆంటీ చూస్తుండగానే పారబోస్తాను. ప్రొటోకాల్‌లో ఆ మాట లేదు, కమిటీ అడిగింది.

తనకు సన్నగా ఈటీజీ కనిపించింది, హద్దుకు కిందే. స్కూల్లో రోజంతా హ్యాండ్ శానిటైజర్ వాడుతుంది. దానివల్ల, కొన్ని మౌత్‌వాష్‌ల వల్ల ఇలా కాస్త కనబడొచ్చు. హద్దు పెట్టింది అందుకేనని చెప్పాను. అయినా ఆంటీ మొహం వాడిపోయింది. నెగటివ్ అని చెప్పాక కూడా "నిజంగానా?" అని మళ్లీ అడిగింది. ఇక్కడివాళ్ల రక్తంలోనే మందుకు లొంగే గుణం ఉందని తరతరాలుగా వాళ్లకు చెబుతూ వచ్చారు. లెక్కలు చూస్తే వేరేగా ఉంటాయి. అరిజోనా పరిశోధకులు దేశవ్యాప్త సర్వే లెక్కలు తీసి 2016లో ప్రచురించారు: సర్వేకు ముందు నెలలో మందు ముట్టని నేటివ్ అమెరికన్లు దాదాపు 60 శాతం, తెల్లవాళ్లలో 43 శాతం. తాగేవాళ్లలో దాని దెబ్బ గట్టిగా తగిలినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఈ లెక్క వినగానే ఆంటీ నవ్విన నవ్వు నాకు చాలాసేపు గుర్తుంది. "మా తమ్ముడికి చెప్పాలి" అంది.

పదకొండింటికి కొత్తాయన వచ్చాడు, చేరడానికి. చివరిసారి తాగింది నిన్న పొద్దున్నట. ఈసారి గట్టిగా అనుకున్నాడు. పెన్ను పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయి, నుదుటి మీద చెమట, బీపీ ఎక్కువ. ప్రొటోకాల్ ప్రకారం నేను చేయాల్సింది కన్సెంట్, అంటే ఒప్పుకోలు పత్రం, చదివి వినిపించి సంతకం తీసుకోవడం, తర్వాత గంటసేపు ప్రశ్నలు. ఫైలు మూసేశాను. బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చలించే స్థితి కూడా రావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. అంతగా వణికే చేత్తో పెట్టిన సంతకం సంతకమే కాదు నా దృష్టిలో. లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో స్కోరు వేసి, పక్క గదిలో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. వైద్యం మొదలుపెట్టారు, అబ్జర్వేషన్‌లో పెట్టారు.

మధ్యాహ్నం ఫోన్‌లో స్టడీ కోఆర్డినేటర్, "ఈ నెల ఎన్‌రోల్‌మెంట్ తక్కువగా ఉంది కదా" అన్నాడు. అతని టెన్షన్ అతనిది. కానీ ఇలాంటప్పుడే అనిపిస్తుంది, ఈ పనికి ట్యాబ్ పట్టుకుని ప్రశ్నలడిగే మనిషి చాలడు, నర్సు కావాలని. ప్రశ్నలు ఎవరైనా అడుగుతారు, ఎప్పుడు అడగకూడదో కూడా తెలియాలి.

మూడింటికి కమిటీ మీటింగ్. రెండు సంగతులు. ఒకటి ప్రశ్నాపత్రంలో పొగాకు గురించి. ప్రార్థనలో, పెద్దలను ఏదైనా అడిగేటప్పుడు పొగాకు ఇవ్వడం ఇక్కడ ఆచారం. కొనుక్కుని కాల్చే సిగరెట్ వేరు. రెండూ కలిపి ఒకే గడిలో టిక్కు పెట్టించారు. విడగొట్టాలని తేల్చారు. రెండోది ఫలితాలు ముందు ఎవరు చూడాలన్నది. ఒక పెద్దాయన బారో సంగతి ఎత్తాడు. 1979లో అలాస్కాలోని బారోలో (ఇప్పుడది ఉట్కియాగ్విక్) ఇన్యుపియట్ ప్రజల తాగుడు మీద స్టడీ చేశారు. ఫలితాలు ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడకుండా, దేశం అటు చివర ప్రెస్‌మీట్ పెట్టారు. 1980 జనవరిలో పేపర్లో హెడ్‌లైన్ పడింది, ఊరంతా తాగుబోతులన్న ముద్ర పడింది. "మా గురించి రాసింది మేము చదివాకే బయటికి పోవాలి" అన్నాడాయన. ఇక్కడ తెగ రివ్యూ బోర్డు ఒప్పుకోకుండా ఒక్క పేపరూ వెళ్లదు. దానివల్ల ఆలస్యమవుతుందని యూనివర్సిటీలో సణుగుతారు. అవనీ.

సంస్కృతికి తగ్గట్టు మార్చాం అంటే బ్రోషర్ అంచున ఈకల బొమ్మ వేయడం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జాన్ లో (John Lowe) అనే పరిశోధకుడు చేసిన పని చదివితే తేడా తెలుస్తుంది. ఆయన చెరోకీ, స్వయంగా నర్సు. బాధ్యత, క్రమశిక్షణ, ఆత్మవిశ్వాసం అనే చెరోకీ స్వావలంబన భావన మీద టాకింగ్ సర్కిల్‌ను, అంటే గుండ్రంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకునే పద్ధతిని, నిలబెట్టి, స్కూలు పిల్లల్లో మత్తు అలవాట్లు రాకుండా వాడారు. అందులో ఆలోచనే వాళ్లది. ఇక్కడి సర్కిల్‌కు నన్ను పిలిచినప్పుడు వెళ్తాను. నోట్‌బుక్ బ్యాగులోంచి తీయను. అక్కడ విన్నది డేటా కాదు.

సాయంత్రం వెళ్లేముందు అబ్జర్వేషన్ గదిలోకి తొంగిచూశాను. వణుకు తగ్గింది, సూప్ తాగుతున్నాడు. "మరి నన్ను చేర్చుకోరా?" అన్నాడు. చేరమని కాదు, ముందు నిద్రపోమని చెప్పాను. లాగ్‌లో "చికిత్సకు పంపాను, స్థిమితపడ్డాక తనంతట తనే అడిగితే మాట్లాడాలి" అని రాశాను. కారణాల గడిలో ఇచ్చిన వాటిలో ఏదీ దీనికి సరిపోలేదు.

ఇంకో పని మిగిలింది. షెల్ఫులో పదకొండో సైజు పూసలు అయిపోయాయి, అందరూ అవే అడుగుతున్నారు. ఆర్డరు పెట్టాలంటే వైద్య పరిశోధనకు పూసలెందుకో యూనివర్సిటీ అకౌంట్స్‌కు రెండు లైన్లు రాసివ్వాలట. రేపు పొద్దున రాస్తాను, ఓపిక ఉన్నప్పుడు.