వినతిపత్రంలో మూడో పేరా

సోమవారం, రాత్రి

పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్‌ల గురించి, పార్లమెంటు సమావేశాలు మొదలయ్యేలోగా మా ప్రాంతపు ఎంపీకి అందజేయవలసిన వినతిపత్రం ఈ రోజుకు ఒక రూపానికి వచ్చింది. పరిశోధక విద్యార్థుల కమిటీ తరఫున మేము నలుగురం పొద్దున్న లైబ్రరీ తెరిచినప్పటి నుంచి మెస్ మూసే వేళ దాకా, మధ్యాహ్నం ఎంపీ గారి ఆఫీసుకు వెళ్ళివచ్చిన సేపు తప్ప, ఒకే బల్ల చుట్టూ కూర్చుని రాసింది రెండు పేజీలే అయినా, వాటిలో ఏ పేరా ముందుండాలన్న దాని మీదే పూటంతా వాదన నడిచింది.

మొదటి ముసాయిదా రాసినది మా కమిటీలోని రసాయనశాస్త్ర విద్యార్థి. అంకెలు అతనికి కంఠతా వచ్చు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో పైవరుసలో నిలిచిన పరిశోధకులకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2014లో నెలకు 25,000 రూపాయలు అయింది, 2019లో 31,000 అయింది, 2023లో 37,000 అయింది. ఈ పెంపుదలలేవీ వాటంతట అవి రాలేదని, ప్రతిసారీ దేశంలోని పరిశోధనా సంస్థల విద్యార్థులు నెలల తరబడి ఉత్తరాలు రాసి, ర్యాలీలు తీసి, ఢిల్లీ వెళ్ళి మంత్రిత్వ శాఖ ఎదుట కూర్చున్న తరువాతే వచ్చాయని అతను ఒక పేరా నిండా వివరించాడు. 2019కి ముందు విద్యార్థులు అడిగినది 80 శాతం పెంపు, వచ్చినది 24 శాతం. అది కూడా శాస్త్ర సాంకేతిక విభాగం ముందుగా ఒక ఆఫీస్ మెమొరాండం ఇస్తే, దానిని చూసి విశ్వవిద్యాలయాల గ్రాంట్ల కమిషన్ (యూజీసీ), శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) వంటి సంస్థలు విడివిడిగా తమ ఉత్తర్వులు ఇచ్చుకోవాలి. 2023 పెంపు జనవరి 1 నుంచి వర్తిస్తుందన్న ఉత్తర్వు వెలువడినది జూన్‌లో. అందుచేత ఈసారి ఫెలోషిప్‌ను ధరల సూచీతో ముడిపెట్టి, ఎవరూ రోడ్డెక్కకుండానే ఏటా సవరించే ఏర్పాటు కావాలని అడుగుదామన్నాడు. న్యాయమైన కోరికే, అందులో నాకు పేచీ లేదు.

నా అభ్యంతరమంతా మూడో పేరా గురించి. జేఆర్ఎఫ్ లేని పరిశోధకుల సంగతి ఆ పేరాలో, రెండే వాక్యాలలో, "అలాగే" అన్న మాటతో మొదలై ముగిసింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో పీహెచ్‌డీ చేస్తూ జేఆర్ఎఫ్ రానివారికి యూజీసీ ఇచ్చే నాన్‌నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయలు. 2015 అక్టోబరులో దానిని నిలిపివేయాలని యూజీసీ నిర్ణయించినప్పుడు ఢిల్లీలోని కమిషన్ కార్యాలయం ముందు విద్యార్థులు రాత్రింబవళ్ళు బైఠాయించారు, ఆ ఉద్యమం దేశమంతటా విశ్వవిద్యాలయాలకు పాకింది, చివరకు ప్రభుత్వం వెనక్కి తగ్గి ఫెలోషిప్ కొనసాగుతుందని చెప్పింది. ఆనాడు ఎంత ఉన్నదో తరువాతా అంతే ఉండిపోయింది. జేఆర్ఎఫ్ రెండుసార్లు పెరిగినా ఇది కదలలేదు. ఇంటి అద్దె భత్యమూ దీనికి లేదు. 2018లో మొదలైన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ కింద నాలుగో ఏట చేరేసరికి నెలకు 80,000 రూపాయలు వస్తాయి కనుక, ఒకే దేశంలో ఒకే డిగ్రీ కోసం పని చేస్తున్న ఇద్దరి నడుమ సరిగ్గా పది రెట్ల తేడా ఉన్నదన్న మాట.

ఇక రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఆ ఎనిమిది వేలూ లేవు. 2015లోనే ఆ ఫెలోషిప్‌ను రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ వర్తింపజేయాలని విద్యార్థులు అడిగారు, కాని ఉన్నదానిని నిలబెట్టుకోవడమే గెలుపుగా ముగిసింది. ఉస్మానియాలో చరిత్ర మీద పరిశోధన చేస్తున్న నా స్నేహితురాలు పొద్దున్న ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం ఆర్కైవ్స్‌కు వెళ్ళి, సాయంత్రం ట్యూషన్లు చెబుతుంది. వాళ్ళ సంగతి మన పత్రంలో ఎందుకు లేదని నేను అడిగినప్పుడు రసాయనశాస్త్రం అబ్బాయి కాసేపు ఆలోచించి, "అక్కా, గెలిచే డిమాండు ముందు పెడితే కదా వాళ్ళు చదివేది" అన్నాడు. అతని మాటను నేను తేలికగా కొట్టిపారేయలేదు. ప్రభుత్వానికి వందల వినతిపత్రాలు అందుతాయి, ఖర్చు తక్కువగా కనిపించే కోరికకే తలుపు తెరుచుకుంటుంది. అయితే గెలిచే డిమాండు ఏదో నిర్ణయించేవాళ్ళం ఎవరమని చూస్తే, సోమవారం పూట పని మానుకుని లైబ్రరీలో కూర్చోగలిగినవాళ్ళం, అవసరమైతే ఢిల్లీకి టికెట్టు కొనుక్కోగలిగినవాళ్ళం, అంటే నెల తిరిగేసరికి ఖాతాలో డబ్బు పడేవాళ్ళం. ఆ బల్ల చుట్టూ కూర్చున్న నలుగురిలో ముగ్గురం జేఆర్ఎఫ్ తీసుకుంటున్నవాళ్ళమే. నాయకత్వమంటే తీరిక ఉన్నవాళ్ళ పని అయిపోతే పత్రంలో పేరాల వరుస కూడా తీరిక ఉన్నవాళ్ళ వరుసే అవుతుందని నేను గట్టిగానే అన్నాను. నాలుగో సభ్యుడు, నెట్ పాసైనా జేఆర్ఎఫ్ అందక ఆ ఎనిమిది వేలతోనే నెట్టుకొస్తున్నవాడు, ఈ వాదనలో ఒక్క మాట కూడా కలపకపోవడం నన్ను మరింత ఇబ్బంది పెట్టింది.

మధ్యాహ్నం ఎంపీ గారి ఆఫీసుకు వెళ్ళాము. ఆయన ఊళ్ళో లేరు. వ్యక్తిగత సహాయకుడు కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఓపికగానే విన్నారు. "మీలో ఎంతమందికి ఇక్కడ ఓటుందమ్మా?" అన్నది ఆయన అడిగిన మొదటి ప్రశ్న. మా ఓట్లు శ్రీకాకుళంలో, ఆదిలాబాదులో, అనంతపురంలో, ఒడిశాలో ఉన్నాయి. ఆయన నవ్వి, అయినా పర్వాలేదని, వినతిపత్రం తీసుకుని ఫైల్లో పెట్టడం కన్నా దాని నుంచి ఒక ప్రశ్న తయారుచేసి ఇవ్వమని చెప్పారు. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రశ్న 150 మాటలు దాటకూడదు, స్వీకరించిన ప్రశ్న నక్షత్రం గుర్తు లేనిదైతే మంత్రి సభలో లేచి చెప్పనక్కరలేదు గాని లిఖితపూర్వకంగా జవాబు ఇచ్చి తీరాలి. ఆయన చెప్పిన దానిలోని విలువ నాకు వెంటనే తట్టింది. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపివేస్తున్నట్టు దేశానికి తెలిసినది 2022 డిసెంబరులో లోక్‌సభలో ఇచ్చిన అటువంటి జవాబు వల్లనే. ఇతర పథకాలూ ఇదే సాయం అందిస్తున్నాయన్న కారణం కూడా ఆ జవాబులోనే ఉన్నది. తరువాతి నిరసనలకు అదే ఆధారమైంది. వినతిపత్రానికి ప్రభుత్వం జవాబు ఇవ్వకపోయినా అడిగేవారు లేరు, సభలో స్వీకరించిన ప్రశ్నకు మాత్రం ఏదో ఒకటి చెప్పక తప్పదు.

తిరిగి వచ్చాక రాత్రి తొమ్మిదింటి వరకు ప్రశ్నను చెక్కుతూ కూర్చున్నాము. నూటయాభై మాటల కొలత మా తగువును కూడా తీర్చింది, ఎందుకంటే జేఆర్ఎఫ్ ఎంతో, ఎప్పుడు పెరిగిందో అందరికీ తెలిసినదే కనుక దాని గురించి అడిగి మాటలు ఖర్చు చేయనవసరం లేదని రసాయనశాస్త్రం అబ్బాయే ఒప్పుకున్నాడు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో నాన్‌నెట్ ఫెలోషిప్ పొందుతున్నవారు సంవత్సరాల వారీగా ఎందరు, ఆ మొత్తాన్ని చివరిసారి ఎప్పుడు సవరించారు, సవరించకపోవడానికి కారణమేమిటి, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు దానిని విస్తరించే ప్రతిపాదన ఏదైనా ఉన్నదా, ఉంటే ఎప్పటికి అమలు అవుతుంది అని నాలుగు భాగాలుగా రాశాము. మూడవ భాగంలోని "కారణమేమిటి" అన్నది మా నాలుగో సభ్యుడు చేర్చినది. వినతిపత్రంలో మూడో పేరా మొదటికి వచ్చింది, ధరల సూచీ కోరిక రెండవదయింది.

రేపు సాయంత్రం కాలేజీ వదిలాక ఉస్మానియా నుంచి నా స్నేహితురాలు, మరో ఇద్దరు వచ్చి చదివి సంతకాలు చేస్తామన్నారు. వాళ్ళకు మార్చాలనిపించినది మార్చవచ్చునని ముందే చెప్పాను. ఇంగ్లీషు ప్రతి సిద్ధమైంది. హిందీ ప్రతిని సరిచూసి పెట్టేవారు ఇంకా దొరకలేదు, బుధవారం లోగా దొరకాలి.