ఒకే క్యాంపస్‌లో చదివితే సరిపోతుందా?

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని పొరుగునే ఉన్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి విదేశీ విద్యార్థులను చేర్చుకుంటున్నాయి. 1950లో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఉపకార వేతనాలతో ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి వచ్చేవారు వారిలో ఉంటారు. ఈశాన్య రాష్ట్రాలు, కేరళ, ఒడిశాల నుంచి వచ్చేవారి సంగతి సరేసరి. ఇంతమంది ఒకచోట చదువుతున్నారు కాబట్టి, వేరే సంస్కృతుల వారితో మెలిగే నేర్పు దానంతటదే అబ్బుతుందని చాలామంది అనుకుంటారు. ఆంగ్ల సంభాషణ నైపుణ్యాలు బోధించే అధ్యాపకురాలిగా నేను ఆ మాట ఒప్పుకోలేను. క్యాంటీన్‌లో ఎవరి బల్ల వారిదిగానే ఉంటుంది. ఏడాదికొకసారి జరిపే సాంస్కృతిక దినోత్సవంలో వేషధారణలు, వంటకాల స్టాళ్లు చూసి, ఫొటోలు దిగి, మర్నాటి నుంచి మళ్లీ ఆ బల్లల దగ్గరికే చేరుకుంటారు.

భిన్న వర్గాల మధ్య పరిచయం దురభిప్రాయాలను తగ్గించాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, అధికారుల మద్దతు ఉండాలని అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు. 500కు పైగా అధ్యయనాలను క్రోడీకరించి 2006లో వెలువడిన పరిశీలన ప్రకారం, ఆ షరతులన్నీ లేకపోయినా పరిచయం వల్ల మేలు కలుగుతుంది. అవి ఉన్నచోట మేలు మరింత ఎక్కువ. వేడుకలో ఉమ్మడి లక్ష్యం ఉండదు. మార్కులు పంచుకోవలసిన ప్రాజెక్టులో ఉంటుంది.

అందుకే నా తరగతిలో బృందాలను విద్యార్థుల ఇష్టానికి వదలను. పని మొదలుపెట్టే ముందు ఒక చిన్న అభ్యాసం చేయిస్తాను. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని కొందరు చేత్తో అన్నం తింటున్న ఫొటో చూపించి, కనిపించింది రాయమంటాను. ఒకరు "ఎంగిలి" అని రాస్తారు, ఇంకొకరు "పేదవాళ్లు" అంటారు, పాతబస్తీలోని బార్కస్‌లో, ఒకే పళ్లెంలో పంచుకుని తినే అరబ్బు వంటకం మండి రుచి చూసిన హైదరాబాదు కుర్రాడు "స్నేహితుల పార్టీ" అంటాడు. తమ ఇళ్లలో అతిథితో కలిసి ఒకే పళ్లెంలో తినడం మర్యాద అని యెమెన్ విద్యార్థి చెప్పినప్పుడు గాని, తాము రాసినవాటిలో కంటికి కనిపించింది ఒక్కటీ లేదని వారికి తట్టదు. అప్పుడు మళ్లీ రాయిస్తాను: ఎంతమంది ఉన్నారు, ఎలా కూర్చున్నారు, పళ్లెంలో ఏముంది. చూసినదాన్నీ, ఊహించినదాన్నీ, తీర్పు చెప్పినదాన్నీ విడదీసుకోగలగడమే ఈ నైపుణ్యానికి పునాది అని నా నమ్మకం.

ప్రాజెక్టు నడిచేటప్పుడు ఇది అక్కరకొస్తుంది. మన పిల్లలు తల పక్కకు వంచి ఊపితే అది ఒప్పుకోలు. సూడాన్ నుంచి వచ్చిన సహాధ్యాయికి అది నిరాకరణలా కనిపించవచ్చు. సీనియర్ చెప్పింది నచ్చకపోయినా గౌరవం కొద్దీ మౌనంగా ఉంటే, అందరూ అంగీకరించారని అవతలివారు పని ముగించేస్తారు. అటువంటి చోట నిర్ణయాన్ని నోటితో చెప్పి, కాగితం మీద రాసుకోమంటాను.

దీన్ని విదేశీయులకే పరిమితమైన వ్యవహారంగా చూడటం నాకు బాధ కలిగిస్తుంది. మణిపూర్ అమ్మాయిని "మీది ఏ దేశం?" అని అడగడం మన క్యాంపస్‌లలో నేటికీ వినిపిస్తుంది. 2014లో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ యువకుడు నీడో తానియా, ఎగతాళి మాటలతో మొదలైన గొడవలో దాడికి గురై మరణించాక, ఈశాన్య ప్రాంతీయుల సమస్యలపై కేంద్రం బెజ్‌బారువా కమిటీని వేయవలసి వచ్చింది. చులకన మాట ఎంతదూరం పోగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

విద్యార్థుల కంటే ముందు ఈ శిక్షణ మాకూ, కార్యాలయ సిబ్బందికీ కావాలి. ఇండోనేషియా, అఫ్గానిస్తాన్ దేశాల నుంచి ఇంటిపేరు లేకుండా ఒకే పదం పేరుగా ఉన్నవారిని దరఖాస్తులో ఇంటిపేరు గడి నింపమని కిటికీ దగ్గర నిలబెట్టే వ్యవస్థ, తరగతి గదిలో ఎన్ని అభ్యాసాలు చేయించినా వాటిని నీరుగార్చేస్తుంది. ఆ గడిని ఐచ్ఛికం చేయడానికి ఒక్క ఉత్తర్వు చాలు.