పాత వంటగట్టు తీయించడానికి ఎంతవుతుంది? – నా అనుభవం

కొత్త గ్రానైట్ రంగు ఎంచుకోవడానికి మూడు వారాలు పట్టింది. పాతదాన్ని ఏం చేయాలన్న ఆలోచన మాత్రం కొటేషన్ చేతికొచ్చేదాకా రాలేదు. ఆ కాగితం చివర చిన్న అక్షరాల్లో "పాత ప్లాట్‌ఫాం తొలగింపు, తరలింపు అదనం" అని ఉంది. ఎంత అదనమో రాయలేదు. ఫోన్ చేసి అడిగితే, "ఆ రోజు మనుషుల్ని బట్టి చెప్తామండీ" అన్నారు. ఆ రోజంటే ఎప్పుడు? సింక్ ఊడదీసి, నీళ్లు ఆపేసి, వంటింట్లో కాలు పెట్టే చోటు కూడా లేనప్పుడు. అప్పుడు ఎంతంటే అంత ఇచ్చుకోవాల్సిందే. అందుకే ఈ ఒక్క లెక్క ముందే తేల్చుకోవాలని పట్టుబట్టాను.

మా గట్టు ఎల్ ఆకారంలో ఉండేది. ఒక వైపు పది అడుగులు, ఇంకో వైపు ఐదు, వెడల్పు రెండడుగులు. సింక్ పక్కన సన్నటి పగులు వచ్చి, నీళ్లు లోపలికి దిగి, కింద చెక్క అల్మారా ఉబ్బిపోయింది. తీయక తప్పని పరిస్థితి. అది కాక పక్కన నాలుగు చదరపు అడుగుల లామినేట్ బల్ల ఒకటి, అదీ అంచులు విచ్చుకుపోయి ఉంది.

మొదట ముగ్గురిని అడిగాను. ఒకాయన ఇల్లు చూడకుండానే ఫోన్లో ఒక మొత్తం చెప్పేశాడు. ముగ్గురిలో అదే తక్కువ. ఇంకొకాయన వచ్చి నిలబడి, రన్నింగ్ ఫుట్‌కి, అంటే గట్టు పొడవులో అడుగుకి, ఇంత అన్నాడు. "తీసి ఎక్కడ పెడతారు?" అని అడిగితే, "కింద గేటు దగ్గర పెట్టేస్తాం" అన్నాడు. గేటు దగ్గర్నుంచి ఎవరు తీసుకెళ్లాలో ఆ రేటులో లేదు.

మూడో ఆయన పెద్ద మేస్త్రీ. వచ్చీ రాగానే రేటు చెప్పలేదు. సింక్ కింద టార్చి వేసి చూశాడు. గట్టు అంచును వేలి కణుపుతో కొట్టి విన్నాడు. గోడ వైపు సందులో పూసిన, రబ్బరులా ఉండే సిలికాన్ పట్టీని గోటితో గీకి, "ఇది సిలికానే, వెనక సిమెంట్ పట్టించలేదు, అదృష్టం" అన్నాడు. తర్వాత టేపు తీసుకుని మెట్ల మలుపు దగ్గరికి వెళ్లాడు. మాది మూడో అంతస్తు. లిఫ్టులో పది అడుగుల బండ పట్టదు. మలుపు కొలిచి వచ్చి, "అమ్మా, రాయి ఊడదీయడం పెద్ద పని కాదు. దాన్ని కిందికి దించడం పని, దించాక దానికో దారి చూపించడం ఇంకో పని. మూడింటికీ విడివిడిగా చెప్తాను, మీరు చూసుకోండి" అన్నాడు.

ఖర్చు బండ ధరను బట్టి కాదు, బరువును బట్టి, ఆ బరువు వెళ్లాల్సిన దారిని బట్టి ఉంటుందని నాకు అర్థమైంది అక్కడే. ఆ రాత్రి నేనే లెక్క వేసుకున్నాను. ఇరవై మిల్లీమీటర్ల మందం గ్రానైట్ చదరపు అడుగుకి సుమారు 5 కిలోలు తూగుతుంది. ముప్ఫై మిల్లీమీటర్లదైతే ఏడున్నర. మాది ఇరవై మిల్లీమీటర్లది. పొడుగు ముక్క ఇరవై చదరపు అడుగులు, అంటే 100 కిలోలు. సింక్ కోసం కోసేసిన భాగం తీసేస్తే 85 దాకా. చిన్న ముక్క 50 కిలోలు. లామినేట్ బల్లలో ఉండేది చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలక. దాని బరువు అదే కొలత రాతిలో సగం కూడా ఉండదు. గట్టును టేపుతో కొలిచి, అంచు మందం చూసుకుంటే చాలు, ఎవరికైనా ఈ లెక్క పది నిమిషాల్లో తేలిపోతుంది. మేస్త్రీ గారు నలుగురు మనుషులు కావాలని ఎందుకన్నారో, ఫోన్లో తక్కువ చెప్పిన ఆయన ఇద్దరిని పంపిస్తానంటే ఎందుకు భయపడాలో ఈ అంకెలు చూశాక తెలిసింది.

ఫోన్ ఆయనకు మళ్లీ చేసి నాలుగు ప్రశ్నలు అడిగాను. మెట్లకు అదనమా? సింక్ విప్పడానికి ప్లంబర్ మీ మనిషేనా? బండి ఎవరిది? ఎక్కడ పారబోస్తారు? మొదటి మూడింటికీ "అది వేరే" అనే జవాబొచ్చింది. నాలుగోదానికి, "ఎక్కడో ఖాళీ జాగా చూసి పడేస్తాంలెండి, రాత్రి పూటైతే ఎవరూ అడగరు" అన్నాడు. అక్కడితో ఆయనతో మాట ఆపేశాను. రాయి కుళ్లదు, కాలదు. ఖాళీ జాగాలో పడేస్తే అది ఎవరో ఒకరి ఇంటి ముందు ఏళ్ల తరబడి ఉంటుంది. ఇంటింటికీ తిరిగే చెత్తబండి దీన్ని తీసుకోదు. ఇలాంటివన్నీ కట్టడాల శిథిలాల కింద లెక్క. వాటికి వేరే చోటు, తూకాన్ని బట్టి వేరే రుసుము ఉంటాయి. ఆ రుసుము కట్టిన రసీదు నాకిస్తేనే చివరి డబ్బులు ఇస్తానని మేస్త్రీ గారితో ముందే అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. "అలాగేనమ్మా, మాకూ అదే మంచిది" అన్నాడు.

బరువు తగ్గితే ఖర్చు తగ్గుతుంది కాబట్టి, ముందు దేన్ని పారేయక్కర్లేదో చూశాను. సింక్ కోసం కోసిన పొడుగు ముక్కను ఎవరూ అడగరు. మధ్యలో కన్నం ఉన్న బండ ఇంకో వంటింటికి సరిపోదు. ఐదడుగుల ముక్క మాత్రం కన్నం, పగులు లేకుండా నిండుగా ఉంది. అమ్ముదామని ప్రయత్నిస్తే ఒక్కరూ రాలేదు. ఉచితంగా ఇస్తాను, మీరే మోసుకెళ్లాలి అని తెలిసినవాళ్లకు చెప్పిన మర్నాడే ఒకాయన వచ్చి చూసుకెళ్లాడు. తన పనిముట్ల గదిలో బల్ల మీదికి కావాలట. 50 కిలోలు నా లెక్కలోంచి పోయాయి. దాన్ని దించడానికి మనుషులూ ఆయనవాళ్లే వచ్చారు. మొత్తం వ్యవహారంలో నాకు బాగా కలిసొచ్చింది ఇదే.

ముందు రోజు సాయంత్రం వంటిల్లంతా ఖాళీ చేశాను. కింద అల్మారాల్లో సామానుంటే దుమ్మంతా వాటి మీదే పడుతుంది, పైగా మనుషులకు లోపలికి వంగడానికి చోటుండదు. గ్యాస్ కనెక్షన్ తీయించాను. ఉదయం ప్లంబర్ వచ్చి సింక్ కింద నీళ్లు ఆపే యాంగిల్ వాల్వ్ తిప్పబోతే అది కదల్లేదు. ఏళ్ల తరబడి తిప్పక బిగుసుకుపోయింది. బిల్డింగ్ మెయిన్ ఆపి కొత్త వాల్వులు రెండు వేశాడు. ఇది నేను అనుకోని ఖర్చు. ఎవరైనా గట్టు తీయించాలనుకుంటే వారం ముందే ఆ వాల్వు ఒకసారి తిప్పి చూసుకోండి.

తర్వాత పని అంతా ఓపికతో జరిగింది. ఒక అబ్బాయి పదునైన కత్తితో గోడకూ గట్టుకూ మధ్య సిలికాన్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా కోశాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. కొంచెం అతుక్కుని ఉన్నా బండ లేచేటప్పుడు టైల్‌ను కూడా లాక్కుని వస్తుందని చెప్పాడు. అల్మారా అంచులకు బండను అంటించిన జిగురును కింది నుంచి తెగ్గొట్టారు. ముందు వైపు అంచు కింద చిన్న గునపం పెట్టి, వెంట్రుకవాసి లేపి, ఆ సందులో పలుచటి చెక్క ముక్క దోపారు. అడుగు జరిగి మళ్లీ అలాగే. గది అంతా నిశ్శబ్దం. ఒక చోట టక్ మని శబ్దం వచ్చింది. నా గుండె జారింది. "జిగురు ఊడిందమ్మా, రాయి కాదు" అన్నాడు మేస్త్రీ గారు, చెయ్యి దాని మీద నుంచి తీయకుండానే.

అసలు ప్రమాదం సింక్ దగ్గర. కన్నానికి ముందు, వెనక మిగిలేది మూడేసి అంగుళాల పట్టీయే. ఎనభై అయిదు కిలోల బండకు అక్కడ బలం ఏముంటుంది? పైగా మాది పగిలిన రాయి. ఎలాగూ మెట్ల మలుపు తిరగదు కాబట్టి అక్కడే రెండు ముక్కలు చేద్దామన్నారు. ఒక అబ్బాయి కటింగ్ మెషిన్ తీసి అక్కడికక్కడే కోయబోయాడు. నేను ఆపాను. గ్రానైట్‌లో సిలికా ఉంటుంది. పొడిగా కోస్తే కంటికి కనపడనంత సన్నటి ధూళి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, దానికి నయమయ్యే మందు లేదు. క్వార్ట్జ్ అని అమ్మే తయారీ రాయిలో సిలికా ఇంకా ఎక్కువ, తొంభై శాతం పైన కూడా ఉంటుంది. రాతి పని చేసే కుర్రాళ్లు ఆ జబ్బు బారిన పడుతున్నారనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయి తయారీని, సరఫరాను, బిగింపును నిషేధించింది. ఆ అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయేమో, ముక్కుకు చేతిరుమాలు మాత్రం కట్టుకున్నాడు. "తమ్ముడూ, నీళ్లు పోస్తూ కోయి, ఈ మాస్క్ పెట్టుకో" అని ఎన్95 మాస్కులు ఇచ్చాను. నలుగురూ పెట్టుకున్నారు. ఒకరు మగ్గుతో నీళ్లు పోస్తుంటే ఇంకొకరు కోశారు. నేలంతా బూడిదరంగు బురద అయింది, దాన్ని తుడిచి ఎత్తడానికి అరగంట ఎక్కువ పట్టింది. ఆ అరగంట కూలీ నేనే ఇస్తానన్నాను.

బండను మోసేటప్పుడు పళ్లెంలా పడుకోబెట్టి పట్టుకోలేదు. అంచు మీద నిలబెట్టి, తలుపు రెక్కను మోసినట్టు మోశారు. పడుకోబెడితే తన బరువుకే మధ్యలో విరుగుతుందట. మెట్ల మూలల్లో గోడకు పాత దుప్పటి కట్టాను, ఒక్క గీత కూడా పడలేదు. వంటింట్లో మాత్రం కింది వరుస టైల్స్ రెండు పగిలాయి. పగలొచ్చని ముందే చెప్పి కాగితం మీద కూడా రాశారు కనుక దాని గురించి మాట రాలేదు. అదే రంగు టైల్ ఇప్పుడు దొరకడం లేదు. ఆ వరుసంతా వేరే రంగు పట్టీ వేయించాను.

లామినేట్ బల్ల దగ్గర ఇంకో చిన్న వాదన. "దీన్ని విరగ్గొట్టి కాల్చేస్తే సరి, బండిలో చోటు మిగులుతుంది" అన్నాడు బండి అతను. ఆ పలకను అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఉంటుంది, పైన పొర కూడా ప్లాస్టిక్ లాంటి రెసిన్. ఆ పొగ మంచిది కాదని చెప్పి బండిలోనే వేయించాను.

చివరికి మొత్తం ఖర్చును పది భాగాలు చేస్తే, ఊడదీయడానికి మూడు భాగాలు అయ్యాయి. మెట్లు దించడానికి మరో మూడు. బండికి, పారబోత రుసుముకు కలిపి రెండున్నర. విప్పడానికోసారి, మళ్లీ బిగించడానికోసారి వచ్చిన ప్లంబర్‌కు ఒకటిన్నర. వాల్వులు, టైల్స్ దీనికి పైన. ఫోన్ ఆయన చెప్పిన తక్కువ రేటు ఇందులో మొదటి మూడు భాగాలకే. మిగతావన్నీ కలుపుకుంటే ఆయనదే ఎక్కువయ్యేది. కింది అంతస్తులో ఉన్నవాళ్లకు రెండో వాటా దాదాపు ఉండదు. గట్టు సిమెంట్ మీద కూర్చోబెట్టినదైతే మొదటి వాటా పెరుగుతుంది, బండ నిండుగా రావడం కూడా కష్టం.

గట్టు లేచాక అల్మారా పైభాగం మొదటిసారి కనిపించింది. సింక్ పక్కన ఎనిమిది అంగుళాల చెక్క నల్లగా మెత్తబడి, వేలు పెడితే లోపలికి దిగింది. కొత్త రాయిని దాని మీద పెట్టి ఉంటే రెండేళ్లలో మళ్లీ ఇదే కథ. కొత్త రాయి బిగించేవాళ్లను రెండు రోజులు ఆగమని చెప్పి, ఆ చెక్క మార్పించి, ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాను.

సాయంత్రం ఆరున్నరకు మేస్త్రీ గారు మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. చొక్కా జేబులోంచి మడిచిన రసీదు తీసి ఇచ్చాడు. తూకం 110 కిలోలు. చివరి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, కూర్చోమని మంచినీళ్లు ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ ఒకసారి వంగి, కొత్త చెక్క అంచు మీద చెయ్యి ఆనించి చూసి, "ఇంకా తడి ఉందమ్మా, రేపు కూడా ఆరనివ్వండి" అన్నాడు.