తడి ఇసుకలో రూపాయి బిళ్ల ఇంకా పలకడం లేదు

పది సెంటీమీటర్ల లోతున నేనే పాతిన రూపాయి బిళ్ల. ఎక్కడుందో తెలిసేలా పక్కనే గుచ్చిన వెదురు పుల్ల. అయినా ఈ ఉదయం విశాఖ సాగర్‌నగర్ తీరాన తడి ఇసుకలో మెటల్ డిటెక్టర్ కాయిల్‌ను (నేల మీద ఊపే చక్రాన్ని) ఎంత నెమ్మదిగా, ఎంత దగ్గరగా ఊపినా ఒక్క నిఖార్సైన మోత రాలేదు. చిటపటలు, మధ్యలో ఇనుము గుర్రు, మళ్లీ చిటపటలు. అదే గుంటను ఇంకా లోతుకు తవ్వి ఐదు రూపాయల పసుపు బిళ్ల వేస్తే, ఇరవై సెంటీమీటర్ల నుంచి కూడా ఎటు ఊపినా తెర మీద 20, 21 అంకెలు చూపిస్తూ గణగణ పలికింది. అంటే చిక్కు లోతులో లేదు. ఆ రూపాయి లోహంలోనే ఉంది, దాని చుట్టూ ఉన్న ఇసుకలో ఉంది. ఒళ్లు మండుతోంది, కానీ ఇంత ఆసక్తికరమైన చిక్కు ఈ మధ్య కాలంలో నాకు తగల్లేదు.

ముందు మంచి సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. అన్నయ్య అమెరికా నుంచి వస్తూ తెచ్చిన ఈక్వినాక్స్ 800 డిటెక్టర్‌తో పొడి ఇసుకలో పని హాయిగా సాగుతోంది. ఒక వెండి మెట్టె, తాళంచెవులు, ఐదు, పది రూపాయల బిళ్లలు దొరికాయి. ఇక అసలు గొడవకు వస్తాను.

యంత్రంతో పాటు వచ్చే సలహాలన్నీ ఫ్లోరిడా తీరం చూసో, ఇంగ్లండు పొలాలు చూసో రాసినవి. సున్నాకు కింద వచ్చే ఇనుము అంకెలు మూసేయండి, సున్నాకు పైన వచ్చేవే తవ్వండి అంటారు. రాగి, నికెల్, వెండి నాణేల దేశంలో అది సరే. మన రూపాయి 1991 దాకా రాగి, నికెల్ మిశ్రమం. 1992 నుంచి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు: 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం. అయస్కాంతానికి ఠక్కున అతుక్కుంటుంది. పావలా, అర్ధరూపాయి అంతకుముందే 1988లో స్టీలుకు మారాయి, రెండు రూపాయల బిళ్ల తర్వాత మారింది. కాబట్టి ఇనుము మోత మూసేసి మన తీరంలో నడిచేవారు జనం పారేసుకున్న చిల్లరలో చాలా భాగం దాటుకుని పోతున్నట్టే. ఇంగ్లండులోనూ 1992 తర్వాతి పెన్నీలు రాగి పూత పూసిన ఉక్కే. వాళ్లు వాటి కోసం బాధపడరు, వాళ్లకు మధ్యయుగపు వెండి కావాలి. నాకు మాత్రం ఈ రూపాయి కావాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

మొదట మెట్ట మీద, సరుగుడు చెట్ల దగ్గర పొడి ఇసుకలో కొలతలు తీసుకున్నాను. 2011 వరుస రూపాయి, 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. యంత్రంలో పార్క్ మోడ్, మల్టీ (పలు ఫ్రీక్వెన్సీలు ఒకేసారి), సెన్సిటివిటీ (యంత్రం చెవి ఎంత చురుకో చెప్పే అంకె) 18. ఐదు సెంటీమీటర్ల దగ్గర ఎటు ఊపినా 13 నుంచి 17 మధ్య. పది దగ్గర ఎడమ నుంచి కుడికి 15, కుడి నుంచి ఎడమకు మైనస్ 4. పదిహేను దగ్గర పూర్తిగా ఇనుము. పోల్చడానికి పాత పదకొండు పలకల రెండు రూపాయల రాగి-నికెల్ బిళ్ల పాతితే పదిహేను సెంటీమీటర్ల దగ్గర కూడా 14, 15 వదిలి కదలలేదు.

తర్వాత పది సెంటీమీటర్ల దగ్గరే రూపాయిని ఉంచి ఒక్కో ఫ్రీక్వెన్సీ మార్చి చూశాను. 5 కిలోహెర్ట్జ్‌లో అచ్చమైన ఇనుము. 10లో గుర్రు మధ్య అప్పుడప్పుడు మంచి మోత. 15లో సగం సగం. 20లో 15 నుంచి 18 మధ్య నిలకడ. 40లో 19 నుంచి 21, అన్నిటికన్నా స్థిరంగా. దీనికి కారణం ఉంది. అయస్కాంత క్షేత్రంలో ఉక్కు బిళ్ల రెండు రకాలుగా స్పందిస్తుంది. ఒకటి, తానూ అయస్కాంతంగా మారడం. రెండు, ఒంట్లో సుడి ప్రవాహాలు పుట్టి క్షేత్రాన్ని ఎదిరించడం. తక్కువ ఫ్రీక్వెన్సీలో మొదటిది గెలుస్తుంది, యంత్రం ఇనుము అంటుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రెండోది పైచేయి అవుతుంది, బల్లపరుపు బిళ్ల మంచి లోహంలా కనిపిస్తుంది. సీసా మూతలు అందరినీ మోసం చేసేది కూడా ఇందుకే.

ఇక్కడిదాకా అంతా అనుకున్నట్టే ఉంది: రూపాయికి 20, 40 వాడితే చాలు. కానీ సముద్రం ఒప్పుకోదు. ఉప్పునీరు తానే ఒక బలహీనమైన వాహకం. ఫ్రీక్వెన్సీ పెంచేకొద్దీ దాని స్పందన కూడా పెరుగుతుంది. అల తాకే చోట 40 పెడితే సెన్సిటివిటీ 8కి దించినా చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. 20లో 12కి దించితే ఓ మోస్తరుగా నోరు మూసుకుంటుంది, కానీ కాయిల్ రెండు వేళ్ల ఎత్తు లేస్తే మళ్లీ మొదలు. రూపాయికి ఏది కావాలో సముద్రానికి అదే గిట్టదు. బీచ్ మోడ్‌లో మల్టీ తప్ప ఒంటి ఫ్రీక్వెన్సీ ఉండదు, అందుకే పార్క్ మోడ్‌లోకి వెళ్లి ఈ తంటాలు పడాలి. బీచ్ మోడ్ ఉప్పును లొంగదీసుకోవడానికి తక్కువ ఫ్రీక్వెన్సీల వైపు మొగ్గుతుంది. మన బిళ్ల ఇనుము అయిపోయేది సరిగ్గా అక్కడే. ఇందులో యంత్రం తప్పేమీ లేదు, దాని పని అది చక్కగా చేస్తోంది.

ఉప్పు ఒక్కటే అయితే ఇంత రాయవలసిన పని లేదు. విశాఖ తీరంలో నల్ల ఇసుక ఉంది. తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు అరిగి ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, కొంత మాగ్నెటైట్ లాంటి బరువైన ఖనిజాలు వాగుల వెంట సముద్రంలో చేరి, అలలతో ఒడ్డుకు వస్తాయి. అల వెనక్కి పోతూ తేలిక ఇసుకను ఈడ్చుకుపోతుంది, బరువైన నల్ల రేణువులు చారలుగా మిగులుతాయి. వెదురు పుల్ల పక్కనే తాపీతో నిలువునా కోసి స్కేలు పెట్టాను. పైన సెంటీమీటరున్నర నల్ల పొర, దాని కింద మూడు సెంటీమీటర్ల లేత ఇసుక, మళ్లీ దారమంత నల్ల గీత, ఆ గీత అడుగున గార్నెట్ తాలూకు ఎర్రటి తళుకు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పాత స్పీకరు అయస్కాంతాన్ని ఆరిన నల్ల ఇసుక మీద ఆడిస్తే కొన్ని రేణువులు ఎగిరి అతుక్కున్నాయి. అది మాగ్నెటైట్. ఇల్మనైట్ అంత చిన్న అయస్కాంతానికి పెద్దగా లేవదు.

గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల చేసే మోతను యంత్రం పట్టించుకోకుండా సరిపెట్టే సర్దుబాటు, దాని అంకెలు చూస్తే అసలు విషయం తెలిసింది. నల్ల చార మీద 78, 81. జానెడు పక్కన మామూలు తడి ఇసుక మీద 4, 6. నా కాయిల్ 28 సెంటీమీటర్లది, అంటే ఒకే ఊపులో నల్ల చార, తెల్ల చార రెండూ దాని కిందకు వస్తున్నాయి. ఒకదానికి సరిపెడితే రెండోది అరుస్తుంది. ఈ సర్దుబాటును తనంతట తానే మార్చుకునే ట్రాకింగ్ పెడితే అది ఒక అంకెకు చేరేలోపు కాయిల్ ఇంకో చార మీద ఉంటుంది. పైగా బీచ్ మోడ్‌లో నల్ల ఇసుక మరీ ఎక్కువైతే యంత్రం తనంతట తానే ప్రసార శక్తిని తగ్గించుకుంటుంది. ఆ మేరకు లోతు పోతుంది.

దోషం ఎవరిదో తేల్చడానికి గజం మేర నల్ల పొర గీకేసి మళ్లీ ఊపాను. 20 కిలోహెర్ట్జ్, సెన్సిటివిటీ 12. పది సెంటీమీటర్ల రూపాయి ఒక వైపు ఊపులో సన్నగా, కానీ ప్రతిసారీ 14 దగ్గర వినిపించింది. తర్వాత మెట్ట మీది పొడి నల్ల ఇసుకలో అదే బిళ్ల, అదే లోతు: రెండు వైపులా వినిపించింది. ఉప్పు ఒక్కటే ఉన్నా, నల్ల ఇసుక ఒక్కటే ఉన్నా బిళ్ల దొరుకుతోంది. రెండూ కలిస్తే దొరకడం లేదు. ఇంత స్పష్టంగా తేలినందుకు మాత్రం చాలా సంతోషంగా ఉంది.

బిళ్ల పడుకున్న తీరు కూడా లెక్కలోకి తీసుకోవాలి. పొడి ఇసుకలో బల్లపరుపుగా ఉంటే పది సెంటీమీటర్ల దాకా దక్కింది. నలభై అయిదు డిగ్రీలు వంచి పాతితే ఏడు దగ్గరే జారిపోయింది. నిలువునా పెడితే మూడు సెంటీమీటర్ల దగ్గర కూడా ఇనుమే, అదీ రెండు ముక్కల మోత. అలలు నాణేలను పడుకోబెడతాయో నిలబెడతాయో, ఇకపై దొరికిన ప్రతిదాన్నీ జాగ్రత్తగా తీసి చూడాలి.

అనుమానం వస్తే ఇనుము వైపు ఎంత మొగ్గాలో చెప్పే ఐరన్ బయాస్ ఎఫ్2 అమరికను 6 నుంచి 0కి దించితే పొడి ఇసుకలో మూడు సెంటీమీటర్లు కలిసొచ్చింది. దానితో పాటు తీరంలోని సీసా మూతలన్నీ మంచి మోతతో లేచి కూర్చున్నాయి. మూతకూ రూపాయికీ తేడా కనిపెట్టాలని ఫ్రీక్వెన్సీని 5 కిలోహెర్ట్జ్‌కి మార్చి చూశాను: రెండూ ఇనుములోకి జారాయి. కాయిల్ అంచుతో తడిమి చూశాను: రెండూ గుర్రుమన్నాయి. చెవికి ఒక్క తేడా దొరికింది. మూత మోత చివర్లో చిరుగుతుంది, రూపాయి మోత కాస్త గుండ్రంగా ముగుస్తుంది. ఇది నా చెవి భ్రమ కాదని ఇంకా గట్టిగా చెప్పలేను.

వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి అడిగాడు. "ఏమి బాబూ, రూపాయి కోసం ఇంత అవస్థా?"

"రూపాయి ఎక్కడ ఆగితే ఉంగరమూ అక్కడే ఆగుతుంది కదా తాతా," అన్నాను.

"అయితే కెరటం ఇసుకను కోసిన చోట చూడు. బరువైనది అక్కడే దిగుతుంది," అని చెయ్యి చాపి మెట్టులా తెగిన ఒడ్డు చూపించాడు.

నాకు రూపాయి ఎందుకు కావాలో ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. నాణేలు వరుసగా దొరికే గీత తెలిస్తే బరువైన వస్తువులు ఎక్కడ స్థిరపడుతున్నాయో తెలుస్తుంది. చెవిదుద్దు లాంటి చిన్న బంగారం 1 నుంచి 5 మధ్య పలుకుతుంది, అది ఉప్పు చిటపటల్లో కలిసిపోయే చోటు. దాన్ని నేరుగా వినలేం, కానీ అది ఉండే గీతను రూపాయలు చూపిస్తాయి. 2020లో నివర్ తుఫాను తర్వాత కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో జనం బంగారు రేణువులు ఏరుకున్న సంగతి అందరూ చదివారు. అంత చిన్న పూసలకు ఈ యంత్రాల కంటే మత్స్యకారుల కళ్లే మేలని నా అభిప్రాయం.

వస్తువుల గురించి రెండు మాటలు. పిన్‌పాయింటర్ (తవ్విన గుంటలో వస్తువును వెతికే చేతి కడ్డీ) విషయంలో గ్యారెట్ వారి నారింజ రంగుదానికి మించింది నేను చూడలేదు. ఉప్పునీటిలో మునిగినా దాని కంపనం చేతికి స్పష్టంగా తెలుస్తుంది. చౌకగా వచ్చే ఒంటి ఫ్రీక్వెన్సీ యంత్రాలను తడి ఇసుక కోసం మాత్రం కొనవద్దు, డబ్బు దండగ. ఫ్రీక్వెన్సీలకు బదులు చిన్న చిన్న విద్యుత్ పల్సులు పంపే పల్స్ ఇండక్షన్ యంత్రాలు ఉప్పును, నల్ల ఇసుకను పెద్దగా పట్టించుకోవు. అయితే ఇనుమూ బంగారమూ వాటికి దాదాపు ఒకటే, ప్రతి మేకునూ తవ్వాలి. ఓపిక ఉన్నవారికి అవే సరైనవి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలి. తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాల వైపు, ఎర్రమట్టి దిబ్బల వైపు నేను యంత్రం తీసుకుపోను, ఎవరూ తీసుకుపోకూడదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో మెట్ట ఇసుకను అసలు ముట్టుకోవద్దు. తడి ఇసుక మీద నాకు ఇంత పట్టుదల ఉండటానికి అదీ ఒక కారణం.

తర్వాత ఆరు అంగుళాల కాయిల్ తెప్పిస్తున్నాను. పదిహేను సెంటీమీటర్ల వెడల్పే కాబట్టి ఒక చార మీద ఉన్నప్పుడు పక్క చారను చూడదు. లోతు తగ్గినా గ్రౌండ్ బ్యాలెన్స్ నిలబడుతుందని నమ్మకం. ఆ తర్వాత భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటికి వెళ్లాలి. అక్కడ నీటిలో ఉప్పు తక్కువ, నల్ల ఇసుక మాత్రం ఉంది. ఈలోగా ఇంట్లో ఒక ప్రయోగం. ప్లాస్టిక్ తొట్టిలో నల్ల ఇసుక పోసి, పది సెంటీమీటర్ల కింద రూపాయి పెట్టి, మంచినీటితో తడిపి మొదలుపెడతాను. లీటరుకు ఐదేసి గ్రాముల ఉప్పు పెంచుకుంటూ సముద్రపు నీటితో సమానంగా 35 దాకా వెళ్లి, 20 కిలోహెర్ట్జ్ ఏ అంకె దగ్గర చేతులెత్తేస్తుందో రాసుకుంటాను. ఇన్వర్టరు విద్యుత్ రొద యంత్రానికి తగలకుండా తొట్టిని మేడ మీద, ట్యాంకుకు దూరంగా పెట్టాలి. అయోడిన్ లేని రాళ్ల ఉప్పు ఇప్పటికే తెచ్చి ఉంచాను.